నూరు గళ్ళ పందెము

గతమాసమున ఊరగాయ జాడీలను గుఱించి వ్రాసితిని. దానిని చదివిన మువ్వురు సోదరీమణులు జాడీల మాట విడిచి, అందు నేను ప్రస్తావవశమున వ్రాసిన ఒక్క వాక్యమును పట్టుకొని నాకు ఉత్తరములు వ్రాసిరి. క్రికెట్టు మ్యాచి నాటి రాత్రి మా యింట ఆడువారము నూరు గళ్ళ పటము పఱచుకొని కూర్చుంటిమని అందు వ్రాసియుంటిని. ఆ పటమేమి, ఆ గళ్ళేమి, మేమును మా వాడలో అట్లు ఆడుకొనవచ్చునా యని వారి ప్రశ్న. వారిలో ఒకామె, తన భర్త పనిచేయు ఆఫీసులోని వారును ఇట్టిదే యొకటి నడపుచున్నారనియు, అది మంచిదో చెడ్డదో చెప్పవలసినదనియు కోరినది. తీర్పులు చెప్పుట నాకు చేతగాదు. జరిగినది జరిగినట్లు చెప్పగలను. అందు నా తప్పును గలదు గనుక దానిని గూడ దాచక చెప్పెదను.

మా తుర్కపల్లి యనగా యాదాద్రి భువనగిరి జిల్లాలో మండల కేంద్రమైన తుర్కపల్లి కాదు. మాది శామీర్‌పేట దాటిన పిదప, కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి ప్రక్కన నున్నది. మా అత్తగారు కాపురమునకు వచ్చిన నాడు ఇచట మెట్టచేలు తప్ప మఱేమియు లేవట. ఇప్పుడు జీనోమ్ వ్యాలీ యని పేరుపడి, టీకామందులు చేయు కర్మాగారములును, పరిశోధనాలయములును వెలసినవి. మా వాడలోని ఆడువారిలో పలువురు వానిలో సీసాలు పరీక్షించుటకో, పెట్టెలు కట్టుటకో, భోజనశాలలో పనికో పోవుదురు. తెల్లవారకముందే బస్సు ఎక్కువారు కొందఱు, రాత్రి పదింటికి దిగువారు కొందఱు. నేను వారివలె ఉద్యోగమునకు బోవుదానను గాను. మావారు బడిపంతులు. నాకు మా నాయనగారు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పించిరి గాని బడికి బంపలేదు. అయినను లెక్కలు తప్పకుండ వ్రాయుదునని మా మహిళా సంఘపు పుస్తకమును నా చేతికిచ్చిరి. ఈ కథకంతటికిని ఆ పుస్తకమే మూలము.

అమెరికా దేశమున డల్లాసు నగర సమీపమున నున్న మా చెల్లెలు 2024 ఫిబ్రవరిలో ఒకనాడు ఫోను చేసి, "అక్కా, నా గడి తప్పిపోయినది" అని వాపోయినది. గడి తప్పుటయేమి, తలుపు గడియా యని నేను కంగారుపడితిని. అప్పుడామె నవ్వి, ఆ సంగతి వివరించినది. ఆ దేశమున ప్రతి సంవత్సరము సూపర్ బౌల్ అను మహా పందెపు ఆట యొకటి జరుగును. 1967లో మొదలైనదట. ఫుట్‌బాల్ అని పేరేకాని, మన పిల్లలు కాలితో తన్ను బంతి కాదు. కోడిగ్రుడ్డువలె కోలగా నుండు బంతిని చంకబెట్టుకొని పరుగెత్తుటయే యెక్కువ. ఆ యాట తెలియనివారును, ఆ ఆదివారపు సాయంకాలము ఒక్కచోట చేరి వేడుక చేసికొందురు. ఆఫీసులలో పనిచేయువారు అంతకు కొన్ని దినముల ముందే ఒక పటము గీయుదురు. అడ్డముగా పది, నిలువుగా పది, వెరసి నూరు గళ్ళు. తలకింత యని డబ్బు కట్టి, నచ్చిన గళ్ళలో తమ పేర్లు వ్రాసికొందురు.

ఇక్కడ గమనింపవలసిన యుక్తి యొకటి కలదు. పేర్లు వ్రాసికొనునప్పుడు పటముమీద అంకెలుండవు. నూరు గళ్ళును నిండిన తరువాతనే సున్న మొదలు తొమ్మిది వఱకు అంకెలు వ్రాసిన చీటీలను తీసి, వచ్చిన వరుసలో పటము పైయంచున ఒక జట్టునకును, ప్రక్కయంచున రెండవ జట్టునకును వ్రాయుదురు. అప్పుడు గాని ఎవరి గడికి ఏ రెండంకెలు పడినవో తెలియదు. ఆట నాలుగు భాగములు. ప్రతి భాగము ముగియగనే రెండు జట్ల లెక్కలలోను కడపటి అంకెలను మాత్రము చూతురు. ఒకరికి 13, ఒకరికి 10 ఉన్నచో మూడు, సున్న కలిసిన గడి యెవరిదో వారికి బహుమానము. ఆట తెలిసినవాడును తెలియనివాడును ఇందు సమానులే.

అంకెలు ముందే వ్రాసియుంచినచో ఏమగునని నేనడిగితిని. "ఏడు, సున్న, మూడు, నాలుగు ఉన్న గళ్ళకొఱకు తలలు పగులగొట్టుకొందురు" అని మా చెల్లెలు చెప్పినది. ఆ యాటలో ఒక్కొక్క విజయమునకు ఆఱు, ఆపై ఒకటి చేరి ఏడు వచ్చుటయు, బంతిని తన్ని కొయ్యల నడుమ దాటించిన మూడు వచ్చుటయు సామాన్యము. అందుచేత మొత్తములు తఱచుగా ఆ యంకెలతోనే ముగియును. రెండును అయిదును దరిద్రపు అంకెలట. మా చెల్లెలి సహోద్యోగి నొకతెకు ఆ రెండే కలిసిన గడి పడగా, ఆమె పటము వంక మరల చూడనైన లేదట.

ఆ యేటి యాట కాన్సస్ సిటీ వారికిని శాన్‌ఫ్రాన్సిస్కో వారికిని జరిగినది. మొదటి భాగమున ఇరువురికిని సున్నలే. నాలుగవ భాగము ముగియునప్పటికి 19, 19 అని సమానమైరి. నియమము ప్రకారము అదనపు సమయ మిచ్చిరి. అందు కాన్సస్ సిటీ వారు 25, ఎదుటివారు 22 తెచ్చుకొని ఆట ముగించిరి. అయిదును రెండును! పటమువంక చూడనామెయే బహుమానము గెలిచినది. మా చెల్లెలికి తొమ్మిది తొమ్మిదుల గడి యుండెను. నాలుగవ భాగము 19, 19తోనే ముగిసినది గనుక బహుమానము నాదే కదా యని ఆమె వాదము. కాని వారి పటము క్రిందిభాగమున, అదనపు సమయమున్నచో దాని కడపటి లెక్కయే చెల్లునని మొదటనే వ్రాసియుంచిరట. కావున నోరు మెదపక ఊరకుండినది. పటముక్రింద వ్రాసిన ఆ యొక్క పంక్తి విలువ నాకప్పుడు తెలియలేదు.

వేసవి వచ్చినది. ఐ.పి.ఎల్. మ్యాచిలు మొదలైనవి. సాయంకాలము టీవీ మగవారిదే. ఆడువారము వారికి టీ లందించుచు, ఎవరు కొట్టిరో ఎవరు పోయిరో తెలియక తెలియక చూచుచుండువారము. మా చెల్లెలి పటము జ్ఞప్తికి వచ్చినది. ఉప్పలులో హైదరాబాదు జట్టు ఆడుదినములలో మా యింట ఆడువారమే కూర్చుందము, గడికి పది రూపాయలు, నూరు గళ్ళకు వేయి రూపాయలు అని సంఘములో చెప్పితిని. ఆఱవ, పదవ, పదునైదవ, ఇరువదవ ఓవరుల చివర ఇరుజట్ల పరుగులలో కడపటి యంకెలు చూచుట. మొదటి మూటికిని ఇన్నూరేసి, చివరిదానికి నన్నూరు. చెప్పినంతనే ఇరువదిముగ్గురు పేర్లిచ్చిరి. సంఘపు పొదుపునకు ఇంత త్వరగా ఎన్నడును పేర్లియ్యలేదు.

మా అత్తగారు మాత్రము ముఖము చిట్లించిరి. "చీటీపాట యనుకొంటిని. ఇది జూదము కాదా?" అనిరి. చీటీ వేఱు, ఇది వేఱు. చీటీలో ముందైనను వెనుకైనను ప్రతివారి పాటయు వచ్చును. ఇందు ఇరువది ముగ్గురి డబ్బు నలుగురికి బోవును. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియు, "పది రూపాయల వేడుకకు జూదమని పేరెందుకు అత్తమ్మా, దీపావళి నాడు మీరు గవ్వలాడలేదా?" అని త్రోసివేసితిని. ఆమె మాఱుపలుకక, సభాపర్వమును నాకు చదివి వినిపించిన నా తండ్రి నెవరైన అడుగుడని మాత్రమనిరి.

ఆ మాట నన్ను గ్రుచ్చినది గాని, నేను సభాపర్వమును విడిచి అరణ్యపర్వమును ఆశ్రయించితిని. పండితుల కూతుండ్రకు ఇదొక దుర్గుణము. తమ కనుకూలమైన పర్వమును వెదకుకొందురు. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథియై పోవుచుండగా, ఆ రాజు త్రోవలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులు, కాయలు ఇన్ని యని చెప్పును. నలుడు రథము నాపి, లెక్కించి చూచి ఆశ్చర్యపడి ఆ విద్యను నేర్చుకొనును. పిమ్మట దానితోనే పుష్కరుని గెలుచును. పాచికల మర్మము గణితమే యని మనవారికి నాడే తెలియునని నాకు గర్వము. ఇది కేవలము గణితవినోదమని నన్ను నేను ఒప్పించుకొంటిని. ఋగ్వేదమున పదవ మండలములో జూదరి యొకడు తన భార్యయు అత్తయు తన్ను రోయుటను తలంచి ఏడ్చు సూక్తమొకటి కలదు. అది నాకప్పుడు జ్ఞప్తికి రాలేదు, లేక రానీయలేదు.

ఏప్రిల్ 25వ తేదిని మొదటి పటము. బెంగుళూరు వారు 206, మనవారు 171. మనవారు ఓడిరి గాని మా యింట ఎవరికిని విచారము లేదు. ఆఱు, ఒకటి గడి యెవరిదని గోల. మే 2వ తేదిని రెండవది. మనవారు 201 చేయగా రాజస్థాన్ వారు 200 మాత్రమే చేసి, కడపటి బంతికి ఒక్క పరుగుతో ఓడిరి. ఆ చివరి యోవరున ప్రతి బంతికిని బహుమానము ఒక గడినుండి మఱొక గడికి దుముకుచుండగా, ఎన్నడును గొంతెత్తని వారు గూడ కేకలు వేసిరి. రాత్రి పదింటి బస్సు దిగి వచ్చిన ఇద్దఱు, చేతిలోని అన్నపు డబ్బాతో గుమ్మములోనే నిలిచి చూచిరి. ఇంత సంతోషము మా యింట నేనెన్నడును చూడలేదు. ఆ మాట నిజము; దానిని గూడ చెప్పకున్న న్యాయము కాదు.

మావారు ఆ పటమును ఒకనాడు తేఱిపాఱ జూచి, లెక్కల మాస్టరు గనుక, ఒక ముక్క చెప్పిరి. అమెరికా యాటలోవలె ఇందు ఏడునకు ఎక్కువ, రెండునకు తక్కువ యనుట లేదు. పరుగులు ఒకటి, రెండు, నాలుగు, ఆఱుగా వచ్చుచుండును గనుక కడపటి అంకె ఏదైనను కావచ్చును. కాని చివరి గడి మాత్రము అట్లు కాదు. రెండవసారి ఆడువారు గెలిచినచో, మొదటివారి లెక్కను దాటినంతనే ఆట నిలిచిపోవును. కావున వారి లెక్క సామాన్యముగా ఒకటి మొదలు ఆఱు వఱకే యెక్కువయుండును. మొదటివారి అంకె అయిదైనచో రెండవవారిది ఆఱు మొదలు ఒకటి వఱకు ఏదో యొకటి యగును. అంకెలు తరువాత వ్రాయుదుము గనుక ఎవరికిని మోసము లేదు గాని, ముందే వ్రాసినచో మూలనుండి మూలకు బోవు వరుసకు ప్రక్కనున్న గళ్ళన్నియు తెలిసినవారే కొనియుందురని వారి మాట. అప్పటికి వారికి ఇందు డబ్బున్నదని తెలియదు. మే 13వ తేదిని లోక్‌సభ యెన్నికలు. వారు పోలింగు శిక్షణకు తిరుగుచుండిరి. పప్పుబెల్లములకై ఆడుచున్నామని యనుకొనిరి. నేను కాదని చెప్పలేదు.

మే 8వ తేది బుధవారము. మూడవ పటము. ఇరువదిమంది తలకు నాలుగు గళ్ళు తీసికొనిరి. ఇద్దఱు అయిదేసి. ఒకామె పది. ఆమె పేరు వ్రాయను. మొదటి పటమున ఆమె నాలుగు గళ్ళు తీసికొన్నది, రెండవదానిలో ఆఱు. ఆ మాట నా పుస్తకముననే యున్నది. లెక్క వ్రాసిన చేయి నాదే, చూడని కన్నును నాదే.

లక్నో వారు మొదట ఆడి ఇరువది ఓవరులలో 165 చేసిరి. పిమ్మట మన జట్టున ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ యను నిరువురు దిగిరి. సోదరీమణులారా, అది ఆట కాదు, ఉప్పెన. ఆఱు ఓవరులకే 107 పరుగులు. ఆఱవ యోవరు గడి మా ప్రక్కయింటి కొత్తకోడలిది. ఆమె ఎగిరి గంతువేసినది. మేము తేరుకొని పదవ యోవరు లెక్కకు ఎదురుచూచుచుండగనే, తొమ్మిది ఓవరుల నాలుగు బంతులకు, ఒక్కరైన అవుటు కాకుండ, 167 చేసి ఆట ముగించివేసిరి.

పదవ యోవరే లేదు. పదునైదవది లేదు. టీవీలో ఊరంతయు ఉత్సవము చేసికొనుచున్నది. మా గదిలో నిశ్శబ్దము.

మొదట కొత్తకోడలే అడిగినది. "అక్కా, ఆ రెండు బహుమానము లెవరివి?" అప్పుడు తలకొక మాట వచ్చినది. లక్నోవారి పదవ యోవరు అంకెకు మనవారి ఏడును జతచేయవలెనని ఒకరు. ఆ యోవరులు పడనే లేదు గనుక ఆ డబ్బు అందఱకు పంచవలెనని ఒకరు. ఆట ముగిసిన లెక్కయే మిగిలిన అన్నిటికి చెల్లవలెనని మఱొకరు. 165, 167. అయిదు, ఏడు. అందఱును పటముమీదికి వంగిరి. అయిదు, ఏడు కలిసిన గడిలో నా పేరుండెను.

ఆ మూడవ మాట నెగ్గినచో మూడు బహుమానములును, వెరసి ఎనిమిదివందలు, పటము గీసినదియు, డబ్బు పట్టినదియు, చీటీలు తీయించినదియు నైన నాకే వచ్చును. నేను నియమము వ్రాసియుంచలేదు. ఇప్పుడు నేను ఏమి చెప్పినను చెల్లదు. నా కనుకూలముగా చెప్పిన దొంగను. ప్రతికూలముగా చెప్పిన, ఎవరికో అనుకూలము. ఒకరిద్దఱు నా వంక చూచిన చూపు నేటికిని మఱపు రాదు. చీటీలు తీసినది మా చిన్నవాడే కదా యని ఎవరో మెల్లగా ననిరి. సంఘపు పుస్తకమును ఏడేండ్లనుండి వ్రాయుచున్నాను. ఒక్క రూపాయి తేడా రాలేదు. ఆ యేడేండ్ల నమ్మకము ఆ క్షణమున చాపమీద నూరు గళ్ళ నడుమ పడియుండెను.

మా అత్తగారు మూలనుండి లేచి, "ద్రౌపది సభలో ఏమడిగినది? మొదట తన్ను తాను ఓడిన పిదప నన్ను ఒడ్డుట చెల్లునా యనియే కదా. భీష్ముడంతటివానికి జవాబు తోచలేదు. ఆడకముందు అడగవలసినది ఆడిన తరువాత అడిగిన ఎవరికి తోచును?" అనిరి. అందఱును ఊరకుండిరి. నేను పుస్తకమును ముడిచి, డబ్బు ఎవరికిని ఈ రాత్రి ఇయ్యననియు, రేపు చెప్పెదననియు చెప్పి పంపితిని.

మావారు వచ్చినంతనే వారితో అంతయు చెప్పితిని. వారు కోపపడుదురని యనుకొంటిని. కోపపడలేదు గాని చాలసేపు మాటాడలేదు. పిమ్మట, డబ్బు ఒడ్డి ఆడు ఆటలను అరికట్టుటకు 1974 నాటి గేమింగ్ చట్టమొకటి మన రాష్ట్రమున నున్నదనియు, 2017లో దానిని మఱింత బిగించి ఫోనులలోని యాటలకును వర్తింపజేసిరనియు, పదిరూపాయలైనను డబ్బు డబ్బేననియు చెప్పిరి. "పోలీసుల మాట అటుంచుము. బడిలో పిల్లలకు బెట్టింగు తప్పని నేను చెప్పుచున్నాను. రేపు ఏ పిల్లవాడైన మీ యింట మా అమ్మ ఆడుచున్నది కదా సార్ అనిన నేనేమి చెప్పుదును?" అనిరి. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు.

మఱునాడు ఉదయము పుస్తకము, డబ్బుపెట్టె తీసికొని ఇల్లిల్లు తిరిగితిని. ఎవరెంత కట్టిరో అంత వారికి తిరిగి యిచ్చివేయుచు వచ్చితిని. తలకు నలువది. చాలమంది నవ్వి పుచ్చుకొనిరి. కొత్తకోడలు మాత్రము ఆఱవ యోవరు బహుమానమున వివాదమేమియు లేదు కదా, ఆ ఇన్నూరు తనకు న్యాయముగా రావలసినవే యని వాదించినది. ఆమె మాట నిజమే. కాని ఒక్కరికిచ్చి తక్కిన వారికి తిరిగి యిచ్చుటకు డబ్బు చాలదు. నలువదియే చేతిలో పెట్టితిని. నేటికిని నేను కనబడినప్పుడెల్ల "అక్కా, నూటయఱువది బాకీ" అనుచుండును. అది నవ్వులకో నిజమునకో నాకు తెలియదు.

కడపట పది గళ్ళ యామె యింటికి బోయితిని. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పండుకొనియుండెను. నూరు రూపాయల నోటు చేతికిచ్చితిని. ఆమె దానిని మడిచి మడిచి చిన్నదిగా చేసి, పిడికిట బిగించి కూర్చున్నది. చాలసేపటికి చెప్పినది. ఆమె భర్త ఫోనులో బెట్టింగు యాప్‌నందు రెండు నెలల జీతము పోగొట్టినాడట. సరుకుల దుకాణమున బాకీ పేరుకొనిపోయినదట. ఎనిమిదివందలైన గెలిచినచో సగమైన తీరునని, పాల డబ్బులనుండి నూరు తీసినదట. "మగవాండ్ల యాట వేఱు, మన యాట వేఱు అనుకొన్నాను అక్కా. మన యాటలో మోసము లేదు కదా" అన్నది.

మోసము లేదు. నిజమే. నేను అంకెలను తరువాత వ్రాయించుటను గుఱించి గర్వపడితిని. నూరు గళ్ళలో పది తీసికొన్నవారికి పదింట ఒకవంతు అవకాశము సరిగా దక్కునని చెప్పి మురిసితిని. ఆ న్యాయమైన పటమును నమ్మియే ఆమె పాల డబ్బులు తెచ్చినది.

ఆ సంవత్సరము మఱల పటము గీయలేదు. గీసియున్నను మే 16వ తేదిని ఉప్పలులో వానచేత ఒక్క బంతియైన పడక మ్యాచి రద్దయినది. దానికెన్ని వాదములు వచ్చియుండెడివో! 2025లో కొందఱు బలవంతపెట్టగా డబ్బు లేకుండ మొదలుపెట్టితిమి. ఇరువదిముగ్గురిలో పదునాఱుగురే వచ్చిరి. డబ్బు లేనిచో రుచి తగ్గినదని కొందఱు మొగముమీదనే చెప్పిరి. వారి మాటయు అబద్ధము కాదు. తలకు ఆఱేసి గళ్ళు, తొంబదియాఱు. మిగిలిన నాలుగు ఎవరివియు గావు. వానిలో ఏదైన పండినచో నేను అందఱకు పాయసము వండుదును. తక్కిన గళ్ళు పండినచో వారికి మా యింటి ఆవకాయ ఒక సీసా. నేను గడి తీసికొనను. చీటీలను మా పిల్లలచేత తీయింపను. ఆ నాడు వచ్చినవారిలో పెద్దామె తీయును.

అడిగిన సోదరీమణులకు ఉపయోగపడునని పటముక్రింద మేము వ్రాసికొన్నది చెప్పెదను. ఆట ముందే ముగిసినచో రాని ఓవరుల బహుమానములు చివరి గడికి చేరును. వాన వచ్చి ఒక జట్టే ఆడినచో ఆ నాటి పటము చెల్లదు. పరుగులను టీవీలో చూచినదే ప్రమాణము. ఎవరి ఫోనులోనిదియు గాదు. ఇంతే. 2025 మే 5వ తేదిని ఢిల్లీ వారు 133 చేసిన పిదప వాన కురిసి మనవారు బ్యాటు పట్టకయే ఆట రద్దయినప్పుడు, ఒకరును నోరెత్తలేదు. రెండవ పంక్తి చదువుకొని, మిరపకాయ బజ్జీలు తిని వెళ్ళిరి.

ఆఫీసులోని పటమును గుఱించి అడిగిన సోదరికి నాకు తోచినది చెప్పుదును. ఎవరి పేర ఎన్ని గళ్ళున్నవో, అవి నెలనెలకు పెరుగుచున్నవేమో మీ వారిని అడిగి చూడుడు. గెలిచినవారి మాట అక్కఱలేదు.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసెను. వానికి ప్రకటనలు చేయుటయు, బ్యాంకులు డబ్బు పంపుటయు గూడ నేరమే. అంతకు ముందు మార్చిలోనే హైదరాబాదున బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసిన సినిమావారిమీద పోలీసులు కేసులు పెట్టిరి. చట్టపు సంగతి పత్రికలో వచ్చిన నాడు పది గళ్ళ యామె షిఫ్టునుండి నేరుగా మా యింటికి వచ్చి, దానిని చదివి వినిపింపుమన్నది. చదివితిని. మఱల చదువుమన్నది. రెండవసారియు నిలుచుండియే విన్నది.

"అయితే మావాని ఫోనులోనిది గూడ ఆగునా అక్కా?" అని అడిగినది.

పత్రికలో ఆ మాట లేదని చెప్పితిని. ఆమె ఆ కాగితమును అడిగి తీసికొని, చింపకుండ మడిచి, అన్నపు డబ్బా సంచిలో పెట్టుకొని పోయినది.